గేటు గదిలో గంట

స్వామిని పక్కకు తిప్పేటప్పుడు బాలన్న మనిషిని పట్టుకొని లాగేవాడు కాడు. అతని కింద మడతలు పెట్టి పరిచిన దుప్పటిని రెండు గుప్పిళ్లతో పట్టుకొని, మంచం పట్టెకు మోకాలు ఆనించి, దుప్పటితో పాటుగా మనిషిని తన వైపు తెచ్చుకొనేవాడు. చర్మం బట్ట మీద ఒరుసుకుంటే అక్కడ పుండు పడుతుందనీ, నడుము కింద స్పర్శ లేనివాడికి ఆ పుండు పడిన సంగతే తెలియదనీ, అటువంటి పుండ్లే చివరకు మనిషిని తీసుకొనిపోతాయనీ ఆసుపత్రి నుంచి పంపించే రోజున మలయాళీ నర్సు మరీ మరీ చెప్పింది. మందు వేయడం తప్పినా తిప్పడం మాత్రం తప్పకూడదని ఆమె మాట.

ఇద్దరూ రిగ్గర్లే. క్రేను కొక్కేనికి బరువులు కట్టి, చేతి సైగలతో వాటిని పైకీ కిందికీ నడిపించడం వారి వృత్తి. అందుచేత దుప్పటి లేచినప్పుడల్లా స్వామి చూపుడువేలును కిందికి చూపి, మెల్లగా గుండ్రంగా తిప్పేవాడు. దించమని దాని అర్థం.

“లోడు ఊగుతున్నది బాలన్నా. జర పైలంగ దించు.”

“ఊగేది నీ నోరే. సప్పుడు జెయ్యక పండు.”

తిప్పిన తరువాత వీపు వెనుక ఒక దిండు, మోకాళ్ల నడుమ మరొకటి, మడమలు పరుపుకు తగలకుండా గుడ్డతో చుట్టిన కుదురు. ఆ పిమ్మట మూత్రపు సంచిని ఖాళీ చేసి, గొట్టం మెలిక పడకుండా దారంతో మంచం పట్టెకు కట్టేవాడు. వీపుకూ పిరుదులకూ పలుచగా కొబ్బరినూనె రాసేవాడు. ఈ పనులన్నింటినీ బాలన్న తొందర లేకుండా, ఒకదాని తరువాత ఒకటిగా, మాట్లాడుతూనే చేసేవాడు.

అరబ్బుదేశంలోని జుబైల్‌లో ఒక కాంట్రాక్టు కంపెనీకి చెందిన క్యాంపులోని రేకుల గది అది. యుద్ధం ముగిసి ఏడాది దాటినా, అద్దం పగిలి లోపలికి చిమ్మకుండా ఆ రోజులలో కిటికీకి అడ్డంగా అంటించిన టేపును ఎవరూ పీకలేదు. ప్లాంటు ఆపి మరమ్మతులు చేసే షట్‌డౌను పనిలో ఇనుప పరంజా మీది నుంచి పడ్డ స్వామి నష్టపరిహారం కేసు నడుస్తున్నది. అది తేలకుండా దేశం విడిచిపోతే కేసు కూడా అక్కడితో ముగుస్తుంది. అంతదాకా అతనిని చూసుకొనడానికి బీమావారి నిధి నుంచి కంపెనీకి డబ్బు వస్తున్నది. కాగితాల మీద దాని పేరు గృహ సంరక్షణ నిధి. గృహమంటే ఈ రేకుల గది. సంరక్షణ అంటే, గ్యాంగు నుంచి తప్పించి ఇక్కడ కూర్చోబెట్టిన బాలన్న.

శనివారం పొద్దున వెల్ఫేర్ సెక్షన్ గుమాస్తా ఖాజావలి, ఒక ఫిలిప్పీనో ఎలక్ట్రీషియనును వెంటబెట్టుకొని వచ్చాడు. ఖాజావలిది నంద్యాల. ఇస్త్రీ చెడని చొక్కా, జేబులో రెండు పెన్నులు, ఎవరితోనైనా నవ్వుతూనే మాట్లాడే అలవాటు. ఎలక్ట్రీషియను తెల్లటి పెట్టె ఒకటి గోడకు బిగించి, దాని నుంచి తీగను కిటికీ గుండా బయటికి లాగి, ఆవరణ దాటించి గేటు పక్కనున్న వాచ్‌మన్ గదిదాకా తీసుకొనిపోయాడు. ఖాజావలి తన చేతిలోని అట్టపెట్టెలో నుంచి నల్లటి తాడుకు కట్టిన చిన్న ప్లాస్టిక్ బిళ్లను బయటికి తీశాడు. బిళ్ల నడుమ ఎర్రటి మీట ఉంది.

“ఏమప్పా స్వామీ, ఎట్లుండావు? ఇది సూడు, అమెరికా వస్తువు. ఆడ ముసిలోళ్లు ఒంటిగా ఉంటారు కదా, వాళ్ల కోసరం చేసినారంట. మెడలో ఏసుకో. ఎమర్జెన్సీ అయిందంటే ఒత్తు. గేటుకాడ గంట మోగుతాది, గుల్ జమాన్ వచ్చేస్తాడు.”

తాడును తానే స్వామి మెడలో వేసి, తానే మీట నొక్కి చూపించాడు. ఆవరణకు అవతల గంట మోగింది. మామూలు గంట కాదు. వాచ్‌మన్ బయట ఎండలో తిరుగుతున్నా వినబడవలెనని పెద్దదే పెట్టారు. అది దానంతట ఆగదు. వాచ్‌మన్ గేటు గదిలోని స్విచ్చి వేస్తేనే ఆగుతుంది. ఆగిన కొద్దిసేపటికి గుల్ జమాన్ గుమ్మంలో ప్రత్యక్షమయ్యాడు. స్వాత్ లోయ నుంచి వచ్చిన పఠాన్ అతను, ఆజానుబాహువు. క్యా హువా భాయ్ అని అడిగి, ఖాజావలి నవ్వడం చూసి తానూ నవ్వి వెళ్లిపోయాడు.

స్వామి బిళ్లను వేళ్ల నడుమ తిప్పి చూసుకొన్నాడు. మీటను మాత్రం ముట్టుకొనలేదు.

“ఎమర్జెన్సీ అంటె ఏంది సాబ్?”

“అంటే… గుండె నొచ్చెననుకో, మంచం మీదనుంచి పడితివనుకో. అట్లాంటివి.”

గుమ్మం బయటికి వచ్చిన తరువాత ఖాజావలి అసలు సంగతి చెప్పాడు. ఇకనుంచి నిధి డబ్బును మనిషి కూలికి కాక ఈ పరికరానికి వాడాలని కంపెనీ నిర్ణయించింది. కొత్త షట్‌డౌను మొదలవుతున్నది; రిగ్గర్లు చాలడం లేదు. రేపటినుంచి బాలన్న సైటుకు పోవాలి. అతని మంచం వేరే గదికి మారుతుంది. పొద్దునా సాయంత్రమూ వచ్చి స్నానం, అన్నం చూసుకోవచ్చు. నడుమ పరికరం ఉండనే ఉంది.

బాలన్న తల ఊపాడు. అడగవలసినవి ఏవో ఉన్నాయని అతనికి తోచింది గాని, వాటికన్న ముందుగా ఒంటిలో ఒక తేలికదనం వచ్చింది. నెలల తరబడి ఆ గదిలోని డెట్టాలు వాసన తప్ప వేరే గాలి పీల్చలేదు. మెస్సులో పళ్లెం పట్టుకొని నిలబడితే వెనుకనుంచి ఎవడో ఒకడు ఆయమ్మా అని పిలిచేవాడు. ఆ తేలికదనం తనకే నచ్చక, లోపలికి వెళ్లి, అవసరం లేకపోయినా స్వామి దిండును మరొకమారు సర్దాడు.

“పో బాలన్నా,” అన్నాడు స్వామి, అంతా విన్నవాడి వలె. “ఎన్ని దినాలు గూసుంటవ్. నాకేం గాదు.”

ఆదివారం సైటులో ఎక్స్‌ఛేంజరు అనే పెద్ద ఇనుప పాత్రను పీఠం మీది నుంచి లేపే పని. బాలన్న ఉక్కు తీగలతో పేనిన స్లింగు తాడును వేళ్లతో పొడుగునా తడిమి చూశాడు; తెగిన పోగు గుచ్చుకొంటుందేమోనని వెతికే ఆ స్పర్శ మరచిపోలేదు. కొక్కేనికి తగిలించే షాకిల్ మర బిగించి, పక్కకు జరిగి, చేయి ఎత్తాడు. క్రేను కదిలింది. తన వేలు కదిలినట్లే అంత ఇనుమూ కదలడం చూసి అతని గుండె నిండింది. నిర్మల్ వైపు నుంచి వచ్చిన సదానందం, ఆ గ్యాంగులోని పాత రిగ్గరు, అవతలి కొస పట్టుకొని ఉన్నాడు.

“ఆయమ్మకు సెలవు దొరికిందిరో,” అన్నాడు అందరికీ వినిపించేటట్లు. “పిలగాన్ని ఎవలకిచ్చొచ్చినవే?”

“గంటకిచ్చొచ్చిన,” అన్నాడు బాలన్న.

అందరూ నవ్వారు. అతనూ నవ్వాడు.

సాయంత్రం గదికి వచ్చేసరికి స్వామి పొద్దున తాను పడుకోబెట్టినట్టే, కిటికీ వైపు తిరిగి ఉన్నాడు. మోకాళ్ల నడుమ దిండు చెక్కుచెదరలేదు. జగ్గులో నీళ్లు పోసినవి పోసినట్టే ఉన్నాయి. మూత్రపు సంచి ఉబ్బి, గొట్టంలోకి ఎదురు వస్తున్నది. బాలన్న సంచి విప్పాడు. ఎట్లా గడిచిందని అడిగితే మంచిగ నిద్ర పట్టిందని స్వామి చెప్పాడు. గంట మోగించావా అంటే అవసరం పడలేదన్నాడు.

సోమవారం కూడా అంతే. దీపం దగ్గరికి జరిపి చూస్తే తుంటి వెనుక, ఎముక పైకి తేలిన చోట, అరచేతి నడుమంత మేర చర్మం ఎర్రబడి ఉంది. బాలన్న అక్కడ వేలితో అదిమి తీశాడు. మామూలుగా అదిమిన చోట తెల్లబడి మళ్లీ రంగు రావాలి. ఇది తెల్లబడలేదు.

“నీళ్లెందుకు తాగుతలేవు?”

స్వామి దుప్పటి అంచును సరిచేసుకొన్నాడు.

“సంచి నిండుతదని తాగుతలేవా? నిండితె ఒత్తొచ్చు గదా. తిప్పెటోడు లేకపోతె ఒత్తొచ్చు గదా. మెడల ఎందుకేసిండ్రు దాన్ని?”

స్వామి బిళ్లను బనియను లోపలికి దాచుకొన్నాడు. గోడమీది తెల్లపెట్టెను చూస్తూ అన్నాడు:

“ఎర్రది గద బాలన్నా.”

బాలన్నకు వెంటనే అర్థమయింది. స్వామి పడిపోవడానికి ముందటి షట్‌డౌనులో వారి గ్యాంగులో ఆర్మూరాయన ఒకడుండేవాడు. గొట్టం నుంచి తెల్లగా చిమ్మడం చూసి, గ్యాసేమోనని, స్తంభానికున్న ఎర్ర మీటను గుద్దాడు. ప్లాంటంతా ఆగింది, వందలమంది గాలికి ఎదురుగా పరుగెత్తారు. వచ్చింది వట్టి ఆవిరి. ఆ పూట ఎవరికీ హాజరు వేయలేదు. ఆర్మూరాయన చేతికి ఆ వారంలోనే పాసుపోర్టు ఇచ్చి, దేశం విడిచిపొమ్మనే ఖురూజ్ ముద్ర వేసి విమానం ఎక్కించారు. అప్పటినుంచి ఆ ఎర్ర డబ్బాల పక్కగా నడిచేటప్పుడు గ్యాంగులో ప్రతివాడూ, మోచేయి తగులుతుందేమోనని, చేతులు ఒంటికి దగ్గరగా పెట్టుకొని నడిచేవాడు.

“సంచి నిండిందని ఒత్తుత,” అన్నాడు స్వామి. “ఇది ఎమర్జెన్సీయా అంటరు. ఉత్తగనే ఒత్తిండని రాసుకుంటరు. ఖురూజ్ గొట్టి పంపిస్తె నా కేసు ఏం గావాలె? ఇంటిదగ్గర నా పెండ్లాం ఊర్మిల నన్ను ఎన్నేండ్లు మోస్తది, ఏం బెట్టి మోస్తది?”

తాను ఆ మంచం మీద ఉన్నా ఒత్తేవాడు కాడని బాలన్నకు తెలుసు.

మంగళవారం పొద్దున సైటు బస్సు ఎక్కబోయే ముందు అతను గేటు గది దగ్గర ఆగి, మధ్యాహ్నం ఒక్కమారు వెళ్లి స్వామిని చూసి రమ్మని గుల్ జమాన్‌ను వచ్చీరాని ఉర్దూలో అడిగాడు. గుల్ జమాన్ విచారంగా గడ్డం నిమురుకొన్నాడు. గంట మోగితే పరుగెత్తుకొని పోవాలని తనకు హుకుం. మోగకుండా గేటు వదిలిపోతే తన ఉద్యోగమే పోతుంది. ఘంటీ బజావో భాయ్, మై దౌడ్ కే ఆవూంగా అని గుండె మీద చేయి వేసుకొని చెప్పాడు. అతను అబద్ధమాడేవాడు కాడు.

ఆ సాయంత్రం బాలన్న ఆఫీసుకు వెళ్లాడు. ఖాజావలి టైపు మిషను ముందు ఉన్నాడు. రేపు బీమా నిధి తరఫున అబూ సాలెహ్ అనే ముదీర్, అంటే పెద్ద అధికారి, వస్తున్నాడనీ, ఆయన చూసి సరేనంటే రియాద్ సులైలోనూ జిజాన్‌లోనూ ఉన్న తమ క్యాంపులలో, మంచాన పడిన అందరికీ ఇవే తెప్పిస్తారనీ, ఈ ఏర్పాటంతా తన ఆలోచనేననీ ఉత్సాహంగా చెప్పాడు. బాలన్న నిలబడే ఉండి, స్వామి తుంటి ఎర్రబడిన సంగతి చెప్పాడు.

“మరి ఒత్తొచ్చు కదప్పా? గంట ఒక్కసారి గూడా మోగలేదని గుల్ జమాన్ చెప్పినాడే. అంటే బాగుండాడనే కదా నేను రిపోర్టు రాసింది.”

“ఒత్తుడుకు బుగులువడుతుండు సాబ్.”

“ఎవరు బెదిరించినారు? నేనేమన్నా అంటినా?”

ఎవరూ బెదిరించలేదు. అది నిజమే. ఖాజావలి పెన్ను మూత పెట్టి, నవ్వు తగ్గించి, మెల్లగా అన్నాడు:

“ఎండలో పని కష్టమేలే. మళ్లా ఏసీ రూములో కూచోవాలని ఉందంటే అట్లనే అడుగు బాలన్నా. స్వామి మీద పెట్టి ఎందుకు చెప్తావు?”

బాలన్న ఆయన ముఖం వైపు చూశాడు. ఆయమ్మ అనిపించుకొన్న నెలలలో ఎన్నడూ కలగని అవమానం అప్పుడు కలిగింది. సలాం చేసి బయటికి వచ్చాడు. సముద్రం నుంచి ఉక్కగాలి, దానితోపాటు ప్లాంటు వాసన వచ్చి మొగానికి కొట్టాయి. మెస్సుకు వెళ్లకుండా తిన్నగా గదికి వెళ్లి, స్వామిని తిప్పి, తాను నేల మీద కూర్చొన్నాడు. ఆఫీసులో ఏమన్నారని స్వామి అడగలేదు.

బుధవారం ముదీర్ వస్తాడు గనుక రోగిని శుభ్రంగా తయారు చేయడానికి బాలన్నను ఒక పూట సైటు నుంచి ఆపారు. అతను రెండు బకెట్లలో నీళ్లు తెచ్చి, ఒకదానిలో సబ్బు కలిపి, మొగం నుంచి మొదలుపెట్టి కిందికి తుడుచుకొంటూ వచ్చాడు. గడ్డం గీశాడు. గోళ్లు తీశాడు. చివరకు దుప్పటి పట్టి పక్కకు తిప్పి, వెనుకవైపు తుడవబోయి ఆగిపోయాడు. ఎర్రబడిన చోట చర్మం విడిపోయింది. లోపలి మాంసం తడిగా కనబడుతున్నది. దుప్పటికి పసుపుపచ్చని మరక అంటింది.

చేయి ఆగిపోవడం స్వామికి తెలిసింది.

“పగిలిందా?”

“ఆఁ.”

“ఎంతుంది?”

బాలన్న అతని కళ్ల ముందు తన చేయి చాపి, అరచేతి నడుమ వేలితో గుండ్రంగా గీసి చూపించాడు. స్వామి ఆ చేతిని చాలాసేపు చూశాడు. తనదే అయిన ఆ గాయాన్ని అతను ఆ విధంగా తప్ప చూడలేడు. నొప్పి కూడా అతనికి వార్త తేలేదు. బాలన్న ఉప్పునీటితో దానిని కడిగి, ఆసుపత్రి నుంచి తెచ్చిన దూదిలో మిగిలినది అద్ది, పైన వదులుగా గుడ్డ కప్పాడు. ఉతికిన లుంగీ, బనియను తొడిగి వెల్లకిల పడుకోబెట్టక తప్పలేదు. వచ్చినవారికి మొగం కనబడాలని ఖాజావలి చెప్పి ఉన్నాడు.

“ఇయ్యాల నన్ను ఒత్తుమంటరా?” అని అడిగాడు స్వామి.

“ఒత్తుమంటరు. చూసేదందుకే గద వచ్చుడు.”

“వాల్లే ఒత్తుమన్నంక, ఉత్తగనే ఒత్తిండని అనరాదు గద.”

బాలన్నకు ఆ మాట అప్పుడు పూర్తిగా అందలేదు. బకెట్లు తీసుకొని బయటికి వెళ్లాడు.

మధ్యాహ్నపు నమాజు అయిన తరువాత వారు వచ్చారు. ముందు ఖాజావలి, వెనుక కంపెనీ క్యాంపు మేనేజరు, ఆయన వెనుక అబూ సాలెహ్. తెల్లటి పొడుగు అంగీ, తెల్లటి తలగుడ్డ, నెరిసిన గడ్డం. మోకాళ్ల నొప్పులున్నవాడి నడక. గుమ్మం దగ్గర చెప్పులు విడవబోతే ఖాజావలి వారించాడు. అయినా ఆయన విడిచే లోపలికి వచ్చాడు. స్వామికి సలాం చెప్పి, కళ్లతోనే గదినంతా ఒకసారి చూశాడు. బాలన్న తలుపు పక్కన గోడకు ఆనుకొని నిలబడ్డాడు.

ఖాజావలి అరబ్బీలో పరికరం సంగతి వివరించాడు. మాటల నడుమ తెల్లపెట్టెను, కిటికీ గుండా పోయే తీగను, బిళ్లను వేలితో చూపించాడు. అబూ సాలెహ్ శ్రద్ధగా విన్నాడు. క్యాంపు మేనేజరు గడియారం చూసుకొన్నాడు.

“ఒత్తు స్వామీ,” అన్నాడు ఖాజావలి.

స్వామి బనియను లోపలినుంచి బిళ్లను తీశాడు. ఒక్క క్షణం బొటనవేలు మీట మీద నిలిచింది. బాలన్నకు తెలియకుండానే చేతులు ఒంటికి దగ్గరగా ముడుచుకొన్నాయి. స్వామి నొక్కాడు.

గంట మోగింది, ఆగింది, ఆవరణలో పరుగు వినిపించింది. గుల్ జమాన్ రొప్పుతూ గుమ్మంలో నిలబడి, అందరినీ చూసి, అటెన్షన్‌లోకి వచ్చాడు. అబూ సాలెహ్ తృప్తిగా తల ఊపి, తయ్యిబ్, బాగుంది, అన్నాడు. క్యాంపు మేనేజరు తలుపు వైపు తిరిగాడు. గుల్ జమాన్ తనకు చెప్పిన పద్ధతి ప్రకారం మంచం దగ్గరికి వచ్చి, క్యా హువా భాయ్ అని అడిగాడు.

“నన్ను పక్కకు తిప్పుమనుండ్రి,” అన్నాడు స్వామి.

ఖాజావలి నవ్వి, ఇది చూపించడానికేనని, అయిపోయిందని చెప్పాడు. స్వామి చేతితో తిప్పే సైగ చేస్తూ మళ్లీ అదే మాట అన్నాడు. బాలన్న గోడ వదిలి ఒక అడుగు ముందుకు వేశాడు.

“నువ్వొద్దు బాలన్నా. ఒత్తితె వచ్చింది ఆయన. ఆయననే తిప్పనియ్యి.”

మర్యాదగానే అన్నాడు, గొంతు పెంచలేదు. బాలన్న ఆగిపోయాడు. గుల్ జమాన్ ఖాజావలి మొగం వైపు, మేనేజరు మొగం వైపు చూసి, ఎవరూ వద్దనకపోవడంతో, చేతికర్రను మూలన పెట్టి వంగాడు. అతనిలో బలానికి కొదువ లేదు. ఈ పని ఎన్నడూ ఎరగడు. భుజాన్నీ లుంగీనీ పట్టుకొని, బస్తాను దొర్లించినట్లు, ఒక్క ఊపున అవతలి పక్కకు తిప్పాడు. స్వామి మొగం గోడకు తగలబోయి ఆగింది. మోకాళ్ల దిండు నేల మీద పడింది. బనియను పైకి, లుంగీ కిందికి జారి, కప్పిన గుడ్డ ఊడిపోయి, పుండు వచ్చినవారి కళ్లకు ఎదురుగా నిలిచింది.

ఏసీ నుంచి నీరు బొట్లుగా బకెట్లో పడుతున్నది. అబూ సాలెహ్ తలగుడ్డ కొసను ముక్కు దగ్గరికి తీసుకొనిపోయి, మధ్యలోనే ఆ చేయి దించేశాడు. అదేమిటని అరబ్బీలో అడిగాడు. ఖాజావలి ఏదో పాత దెబ్బ అని మొదలుపెట్టాడు.

అప్పుడు గంట మళ్లీ మోగింది.

ఈసారి ఆగలేదు. ఆవరణకు అవతల, ఖాళీ గదిలో, అది మోగుతూనే ఉంది. గుల్ జమాన్ ఉలిక్కిపడి గేటు వైపు చూసి, పోవాలో ఉండాలో తెలియక నిలబడ్డాడు. మీట ఒంటి కింద పడి నొక్కుకొనిపోయిందేమోనని ఖాజావలి మంచం మీదికి వంగాడు.

“నేనే ఒత్తిన సాబ్,” అన్నాడు స్వామి గోడను చూస్తూ. “గోడ దిక్కు పండవెట్టిండు. ఇట్లనే ఉండాల్నా పొద్దుమూకేదాక? మల్ల ఒత్తిన. ఇప్పుడెవలస్తరు?”

ఏమంటున్నాడని అబూ సాలెహ్ అడిగాడు. అన్నింటినీ నున్నగా చేసి చెప్పడం ఖాజావలికి ఉద్యోగంలో అలవాటైన విద్య. అతను నోరు తెరిచాడు. బాలన్న అతని పెదవుల వైపే చూస్తున్నాడు. గేటు దగ్గర ఏదో లారీ హారన్ కొట్టింది. గేటుకు అడ్డంగా ఉన్న కర్ర ఎత్తేవాడు లేడు. ఖాజావలి నోరు మూసి తెరిచి, మళ్లీ మొదలుపెట్టి, స్వామి అన్న మాటలను ఉన్నవి ఉన్నట్లుగా అరబ్బీలో చెప్పాడు. అరబ్బీ రాని బాలన్నకు ఆ సంగతి ఎట్లా తెలిసిందంటే, చెబుతున్నప్పుడు ఖాజావలి నవ్వలేదు. ఆ తరువాత అడగకుండానే మరికొంత చెప్పాడు. అందులో బాలన్న పేరు వినిపించింది.

గుల్ జమాన్ గంట ఆపివస్తానని అనుమతి అడిగాడు. అబూ సాలెహ్ చేయెత్తి, ఖల్లీ అన్నాడు. ఉండనిమ్మని. కొంతసేపు అందరూ నిలబడి ఆ మోతను విన్నారు. మేనేజరు మాత్రం చెమట తుడుచుకొన్నాడు. తరువాత ఆ పెద్దమనిషి తలతో సైగ చేస్తే గుల్ జమాన్ పరుగెత్తాడు. అబూ సాలెహ్ బాలన్న వైపు తిరిగి, చేతితో మంచాన్ని చూపించాడు.

బాలన్న దుప్పటి అంచులు వెతికి పట్టుకొని, మోకాలు ఆనించి, స్వామిని తన వైపు తెచ్చుకొన్నాడు. అప్పటికి అబూ సాలెహ్ నేల మీద పడిన దిండును తీసి చేతిలో పట్టుకొని ఉన్నాడు. దానిని ఎక్కడ పెట్టాలో ఆయనకు తెలియదు. బాలన్న కళ్లతో చూపించాడు. ఆయన వంగి, నొప్పికి కొంచెం మూలిగి, దిండును రోగి మోకాళ్ల నడుమ పెట్టాడు. ఆవరణలో గంట ఆగిపోయింది.

వారు వెళ్లేముందు గుమ్మం బయట కొంతసేపు మాటలు నడిచాయి. ఎక్కువగా ఒక్క గొంతే వినిపించింది. తరువాత ఖాజావలి ఒక్కడే లోపలికి వచ్చాడు. డాక్టరును పంపుతున్నారని చెప్పి, బాలన్న కళ్లలోకి చూడకుండా అన్నాడు:

“రేపట్నుంచి నువ్వు సైటుకు పోవద్దంట. ఈడనే ఉండాలంట, కేసు తేలేదాకా. మిగతా క్యాంపుల్లో గూడా ముందు మనుషుల్ని పెట్టమన్నాడు.”

బాలన్న తల ఊపాడు. ఎక్స్‌ఛేంజరు పని ఇంకా పూర్తి కాలేదు. తాను పట్టే కొసను సదానందం ఎవరితో పట్టిస్తాడో. మెస్సులో రేపు వినవలసిన మాట కూడా అతనికి ముందుగానే వినిపించింది.

“నీ డ్యూటీ పాయె గద బాలన్నా,” అన్నాడు స్వామి.

“పోనియ్యి. నీళ్లు తాగు.”

తల పట్టి లేపి గ్లాసు అందించాడు. స్వామి గ్లాసంతా తాగి, మరొకటి అడిగి తాగాడు. ఇక దీనితో పని లేదనుకొని కాబోలు, ఖాజావలి బిళ్లను తీసుకొనడానికి మెడ దగ్గరికి చేయి చాపాడు. స్వామి బిళ్లను గుప్పిట్లో మూసుకొన్నాడు.

“ఉండనియ్యి సాబ్. బాలన్న స్నానానికి వోయినప్పుడు పిలువనీకి అక్కరకొస్తది.”

ఖాజావలి చేయి వెనక్కి తీసుకొన్నాడు. తాడు మెడకు ఒరుసుకొని అక్కడ సన్నటి ఎర్రగీత పడి ఉండడం బాలన్న చూశాడు. గ్లాసు కింద పెట్టి, తాడును చర్మం మీది నుంచి తప్పించి, బనియను పట్టీ మీదికి సవరించాడు.